నేను పట్టుకున్న చెయ్యి

మిరపకాయలు ఏరేతందుకు నర్సంపేట దిక్కు పోయిన ఏడు నాకు పదిహేడేండ్లు. పైసల కోసం పోతాన అని అందరితోని చెప్పిన. అది సగమే నిజం. మా అన్న దెబ్బలకు ఓర్వలేక పోయిన.

మా నాయిన పోయినంక ఇంటికి మగదిక్కు మా అన్ననే. నాకన్న ఆరేండ్లు పెద్ద. వరంగల్ స్టేషన్ కాడ రిక్షా తొక్కేటోడు. తాగుడు అలవాటు లేదు. తాగి కొడితే మత్తుల కొట్టిండు అనుకోవచ్చు. మా అన్న ఏ మత్తు లేకుంట, కండ్లల్ల కండ్లు పెట్టి కొట్టేటోడు. అన్నంల రాయి వచ్చినా కొట్టుడే, గడపల నిలబడి ఎవరితోనన్న నవ్వినా కొట్టుడే. నేను పదో తరగతి తప్పిన్నాడు రిక్షా ట్యూబు ముక్కతోని కొట్టిండు. రబ్బరు దెబ్బకు తోలు తెగదు, లోపలంత కమిలిపోతది. మూడు రోజులు ఒక్క పక్కకే పండుకున్న. అడ్డం వచ్చిన మా అమ్మకు ఆయన మోచెయ్యి తగిలి పెదవి పలిగింది. తెల్లారి ఆ పలిగిన పెదవితోనే ఆమె లేచి అన్నకు సద్ది కట్టింది.

అందుకని మా గల్లీల ఒకామె మిరపచేన్లకు ఇరవై మంది ఆడోళ్ళను జమ చేస్తాంది అని తెలిసినప్పుడు అందరికన్న ముందు నా పేరు చెప్పిన. ఆమెను నేను అత్తా అని పిలిచేదాన్ని. మా అన్న వద్దనలేదు. అప్పు ఎక్కువుండెనో, నా ముఖం చూడ బుద్ధి కాలేదో నాకు తెల్వదు.

చేన్ల మధ్యల తాటికమ్మల గుడిసెల ఉన్నం. పొద్దంత వంగి కాయ తెంపుడు, మాపటికి కల్లంల ఆరబోసుడు. ఎటు చూసినా ఎర్రగ ఉండేది. ఆ ఘాటుకు మొదటి నాలుగు రోజులు తుమ్ముతనే ఉన్న. చేతులు కడిగినా కారం పోదు. కన్ను నలుపుకుంటే గంటసేపు లోకం కనపడదు. అయినా నాకు అక్కడ పానం నిమ్మలంగ ఉండె. గుడిసె బయట అడుగుల చప్పుడు వింటే గుండె దడ పుట్టకపోవుడు ఎట్లుంటదో అక్కడనే తెలిసింది.

రెండు వారాలు దాటినంక జరం వచ్చింది. ఎండ దెబ్బ అనుకున్నరు. తెల్లారి కడుపు మీద నాలుగు నీటి బుగ్గలు లేచినయి. ఆ తెల్లారికి ముఖం నిండ, వీపు నిండ, నెత్తిల, ఆఖరికి నాలిక మీద కూడ. నిద్రల తెలువక వాటిని కారం చేతులతోని గోకిన. నేను మొత్తుకున్న మొత్తుకు గుడిసెలున్నోళ్ళందరు లేచి కూసున్నరు. అత్త దీపం దగ్గరికి పెట్టి చూసింది. "తల్లి పోసిందే నీకు" అన్నది. డాక్టర్లు చికెన్ పాక్స్ అనేది అదే. అప్పటిదాక నా పక్కన పండుకున్నోళ్ళు బొంతలు గుంజుకొని ఎడంగ జరిగిన్రు.

పొద్దున్నే చేను ఆసామి వచ్చిండు. ముప్పై అడుగుల దూరంల నిలబడి తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకున్నడు. "దాన్ని ఇప్పుడే నా చేన్ల నుంచి తియ్యున్రి. లేకపోతే గుడిసెకు అగ్గి పెడ్త" అన్నడు. అరవలేదు. నీళ్ళు పెట్టుమని చెప్పినట్టు చెప్పిండు.

అత్త నన్ను తల నుంచి కాళ్ళ దాక శెద్దరు కప్పి రోడ్డు మీదికి తోలుకవచ్చింది. "ఎవరడిగినా సలిజరం అని చెప్పు. ముఖం తియ్యకు. నేను వస్తే ఇక్కడ ఇరవై మంది పని ఆగుతది బిడ్డా" అన్నది. వరంగల్ పోయే బస్సు వస్తే ఎక్కిచ్చింది. నేను ఆ బస్సు ఎక్కుడే తప్పు. ఇప్పుడు ఎవరన్న అడిగితే అదే చెప్త. అప్పుడు నాకు ఇంటికి పోవాలె అన్న ఒక్క ఆలోచన తప్ప ఇంకోటి లేదు. దెబ్బలు తినుకుంట పెరిగిన ఇల్లే అయినా జరం వచ్చినప్పుడు మనిషికి అదే యాదికొస్తది.

ఆడోళ్ళ సీట్ల నడుమ ఇరుక్కొని కూసున్న. నా పక్కన ఒక కడుపుతోని ఉన్నామె. ఏడో నెలో ఎనిమిదో నెలో. నాకు జాగ దొరకాలని ఆమెనే పక్కకు జరిగి, "ఒళ్ళు కాలుతాంది గదనే, నా బుజం మీద పండుకో" అన్నది. నేను పండుకున్న. బస్సు గుంతల పడి ఎగిరినప్పుడు శెద్దరు జారింది.

ఆమె నా ముఖం చూసి అరువలేదు. రెండు చేతులు కడుపు మీద పెట్టుకొని సీట్ల నుంచి లేవబోయి కింద పడ్డది. పడేటప్పుడు నేను ఆమెను పట్టుకోబోయిన. "ముట్టకు" అని ఆమె పెనిమిటి వెనుక నుంచి గొడుగు కొనతోని నా చేతి మీద కొట్టిండు. ఆ దెబ్బతోని బస్సంత లేచింది.

చేతులతోని ముట్టుకోవాలంటే భయం. అందుకని చేతులతోని కొట్టలేదు. గొడుగు, కర్ర, చెప్పు, గోనెసంచి చుట్టి పట్టుకున్న ఇత్తడి బిందె, ఏది దొరికితే దానితోని పొడుచుకుంట నన్ను తలుపు దిక్కు నెట్టిన్రు. ఒక ముసలామె సీటు మీది నుంచి కాలు జాపి నా నడుములకు తన్నింది. వీపు మీద బుగ్గలు పలిగి లంగ జాకెట్టుకు అంటుకున్నయి. కండక్టరు సీటీ ఊదుతనే ఉన్నడు గని నడిమిట్లకు రాలేదు. బస్సు పూర్తిగ ఆగకముందే మెట్ల మీది నుంచి దొబ్బిన్రు. మోకాళ్ళ మీద పడ్డ. నా మూట కిటికీల నుంచి వచ్చి ముఖానికి తగిలింది. బస్సు పోయేటప్పుడు కిటికీల నుంచి ఎవరో ఉమ్మిన్రు.

ఎండ ఎక్కుతాంది. రోడ్డు కింద ఎండిపోయిన తూము ఉంటే అండ్లకు పాకుకుంట పోయి పండుకున్న. ఎంతసేపటికో పైన లారీ ఆగిన చప్పుడైంది. మిర్చి బస్తాల లారీ. డ్రైవరు ఇంజనుకు నీళ్ళు పోసేతందుకు దిగిండు. నేను బయటికి వచ్చి "అన్నా" అని పిలిచిన. ఆయన నన్ను చూసి నాలుగడుగులు వెనుకకు పోయిండు.

"జర ఆడనే ఉండు బిడ్డా. నాకు ఇంట్ల చిన్నపిల్లలున్నరు. నిన్ను ఎక్కిచ్చుకోలేను. ఎవరికి చెప్పాలెనో చెప్పు, చెప్త" అన్నడు. నీళ్ళ డబ్బా రోడ్డు మీద పెట్టి, తను జరిగినంక తీసుకోమన్నడు.

ఎవరికి చెప్పాలె? నాకున్నది ఒక్కడే. స్టేషన్ ముంగట రిక్షా అడ్డ కాడ ఫలానా మనిషి, పొడుగ్గ ఉంటడు, ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటది అని చెప్పిన. లారీ పోయినంక, ఆ మనిషి వచ్చి ఏం చేస్తడో అని ఇంకో భయం మొదలైంది.

అన్న వచ్చేసరికి పొద్దు పడమటికి వాలింది. రిక్షా టాపుకు మా అమ్మ పాత చీర చుట్టూ కట్టి తెరలాగ చేసుకొచ్చిండు. సీటు మీద యాప మండలు పరిచి ఉన్నయి. తూము కాడికి దిగి వంగి చూసిండు. నేను అలవాటుగ రెండు చేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్న. ఆయన చెయ్యి జాపిండు గని ఆ చెయ్యి నడుమ ఆగింది.

"ఎన్ని దినాలాయె?"

"మూడు."

నన్ను రెండు చేతులతోని ఎత్తుకొని రిక్షాల పండపెట్టిండు. కొట్టకుంట మా అన్న నన్ను ముట్టుకున్నది, నాకు తెలివి వచ్చినంక అదే మొదలు. సీసల ఉన్న మజ్జిగ నా నోట్లె పోసిండు. నాలిక మీది పుండ్లకు ఉప్పు తగిలి నేను గిలగిల కొట్టుకుంటే, "మింగు" అన్నడు. మింగిన.

నాలుగు మైళ్ళ దాక ఏం కాలేదు. యాప మండల మీద పండుకొని, చీర సందుల నుంచి ఆయన వీపు చూసుకుంట పోయిన. అంగి చెమటకు తడిసి అతుక్కపోయింది. ఆ తర్వాత ఒక ఊరు వచ్చింది. రోడ్డు ఊరి నడుమ నుంచి పోతది. ఊరు మొదట్ల రోడ్డుకు అడ్డంగ తాడు కట్టి ఉంది. తాడు పొడుగూత యాప మండలు, పసుపు పూసిన బట్ట పేలికలు. అవతల పది పదిహేను మంది మగోళ్ళు కర్రలు పట్టుకొని కూసున్నరు. బస్సులకు, లారీలకు ఎత్తినట్టే, ఖాళీ రిక్షా అని అన్నకు వచ్చేటప్పుడు తాడు ఎత్తిన్రట.

"రిక్షాల ఎవరు?"

"మా చెల్లె. జరం వచ్చింది. వరంగల్ దవాఖానకు తోలుకపోతాన."

"తెర ఎత్తు."

అన్న ఎత్తలేదు. ఒకాయన కర్ర కొనతోని చీర పక్కకు జరిపి చూసి వెంటనే వదిలిండు. అందరు లేచి నిలబడ్డరు. అండ్ల పెద్దమనిషి ఒకాయన తలపాగ సదురుకొని ముందుకొచ్చిండు. ఆయన కోపంగ మాట్లాడలేదు. "తమ్మీ, పది దినాలల్ల ఈ ఊర్లె ఇద్దరు పిల్లలను పాతిపెట్టినం. ఇయ్యాల పొద్దున్నే పోచమ్మకు బోనం పెట్టి ఊరు కట్టినం. రోగమున్న మనిషిని లోపలికి రానియ్యం. చేన్లకెళ్ళి తిప్పుకొని పో" అన్నడు.

"చేన్లల్ల రిక్షా నడుస్తదా పెద్దయ్యా? అటు లోతు ఒర్రె ఉన్నది. నేను ఎక్కడ ఆగ. ఎవరిని ముట్ట. జర తాడు ఎత్తున్రి, దండం పెడ్త" అన్నడు మా అన్న. నిజంగ చేతులు జోడిచ్చిండు. ఆ గొంతు నేను ఎన్నడు వినలేదు.

ఎత్తం అన్నరు. పో అన్నరు. అన్న పోలేదు. మాట మాట పెరిగింది. ఎవరో వెనుక నుంచి కర్రతోని తెర గుంజిన్రు. ఆ కర్ర నా బుజంల గుచ్చుకొని నేను కేక వేసిన. అన్న సీటు కింద చెయ్యి పెట్టి పాత చైను తీసిండు.

ఆ చైను తిరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది. మొదటి దెబ్బ ఒకని చెవి మీద పడ్డది. చెవి సగం వేలాడింది. రెండోది ఒకని చేతి మీద. కర్ర కింద పడ్డది. మూడోది లేవకముందే నలుగురు మీద పడ్డరు. మోకాళ్ళ మీద కొట్టి పడగొట్టిన్రు. ఆయన నోట్ల నుంచి రక్తం, రక్తంల ఒక పన్ను. ఎడ్ల పగ్గం తెచ్చి, చేతులు వెనుకకు విరిచి కరెంటు పోలుకు కట్టిన్రు. అప్పటికి ఊరంత బయటికి వచ్చింది. చెవి తెగినోని తమ్ముడు చైను తీసుకొని లెక్కపెట్టుకుంట కొడుతాండు. ఒకటి, రెండు అనుకుంట. ప్రతి దెబ్బకు అన్న తల పోలుకు తాకుతాంది.

నేను చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు మా అన్నను ఎవరన్న ఇట్ల కట్టేసి కొడితే బాగుండు అనుకున్న. ఆ మాట దాచిపెట్టుకొని ఈ కథ చెప్పలేను. చూస్తాంటే ఒక లెక్క దాక నాకు ఏం అనిపియ్యలేదు. ఆరో దెబ్బకో ఏడో దెబ్బకో ఆయన "చెల్లే" అన్నడు. పిలిచినట్టు కాదు. నేను ఏమైననో అని అడిగినట్టు.

రిక్షా దిగిన.

శెద్దరు కింద పడేసిన. నేను ఒక్క అడుగు వేస్తే మంది రెండడుగులు వెనుకకు పోయిన్రు. కొందరు దండం పెట్టిన్రు, తల్లి ఒంటి మీదున్న పిల్ల అని. దండం పెట్టినోళ్ళే వంగి రాళ్ళు తీసుకున్నరు. ఒక రాయి నా చెంపకు తగిలింది. అయినా చైను పట్టుకున్నోడు పోలు కాడి నుంచి కదలలేదు. "ఇంకో అడుగు వేస్తే నీ అన్న నెత్తి పగులుతది" అన్నడు.

పక్కన ఒక ఇంటి అరుగు, గోడ కలిసే మూల ఉన్నది. వెనుకకు పోయేటోళ్ళ తొక్కిసలాటల ఒకామె ఆ మూలల ఇరుక్కున్నది. నాకన్న రెండు మూడేండ్లు పెద్దది కావచ్చు. చంకల ఏడాది పిల్ల. పిల్ల ఆమె గాజులతోని ఆడుకుంటాంది. నేను నాలుగడుగులల్ల పోయి ఆమె చెయ్యి పట్టుకున్న. ముంజేతి కాడ, గట్టిగ. గాజులు పలిగి ఇద్దరి చేతులల్ల గుచ్చుకున్నయి.

"మా అన్నను ఇడువున్రి. లేకపోతే ఈ పిల్ల మూతికి నా మూతి పెడ్త" అన్న.

ఆ మాట అన్నది నేనే. కొట్టుడు ఎట్లనో నాకు ఎవరు నేర్పలేదు అనుకుంటి ఆ దినం దాక.

ఆమె ఏడ్వలేదు, బతిమాలలేదు. పిల్ల తలను తన మెడ కిందికి ఒత్తుకొని, నా దిక్కు చూడకుంట, "ఇడువున్రి" అని ఒక్కసారి అన్నది. ఆ గొంతుకు మగోళ్ళందరు ఆగిన్రు. చైను పట్టుకున్నోడే పగ్గం విప్పిండు. ఆమె వాని పెండ్లామో, చెల్లెనో నాకు తెలువదు.

అన్న పోలు పట్టుకొని లేచిండు. రిక్షా ఎక్కలేక నెట్టుకుంట నడిచిండు. నేను ఆమె చెయ్యి ఇడువలేదు. ఇడిస్తే మళ్ళ మీద పడ్తరని తెలుసు. ఆ ఊరు ఈ కొస నుంచి ఆ కొస దాక ఆమెను నడిపిచ్చుకొని పోయిన. ఇరువైపుల జనం గోడలకు ఆనుకున్నరు. నా చేతి బుగ్గలు పలిగి ఆమె ముంజేతి మీదికి కారుతానయి. అది ఆమె చూసింది. నేను చూసిన. పిల్ల మాత్రం తల ఎత్తి నన్ను చూసి చెయ్యి జాపింది.

అవతలి తాడు కాడ ఇడిచిన. కొంత దూరం పోయి తిరిగి చూస్తే ఆమె బోరింగు కింద పిల్లను కూసోపెట్టి కడుగుతాంది. ఇంకొకామె బోరింగు కొడుతాంది. పిల్ల ఏడుపు చాన దూరం వినపడ్డది.

నడిరాత్రి దాటినంక ఇంటికి చేరినం. ఒక కన్ను మూసుకపోయి, ఒక చేతి వేళ్ళు వంగక, మా అన్న ఎట్ల తొక్కిండో. ఎత్తుల కాడ నేను దిగి నెట్టిన. మా అమ్మ ఇద్దరిని చూసి ఎవరిని ముందు పట్టుకోవాలెనో తెలువక గడపల నిలబడ్డది. గడపకు యాప మండలు కట్టి మూడు వారాలు ఎవరిని రానియ్యలేదు. నాకు పొక్కులు ఎండి రాలినయి.

రెండు వారాలకు అన్నకు జరం వచ్చింది. పెద్దోళ్ళకు వస్తే ఎట్లుంటదో అప్పుడు చూసిన. చైను దెబ్బలు మానక ముందే వాటి మీద, గొంతుల, కంటి రెప్పల లోపల పోసింది. ఊపిరి అందక గురగుర అంటాంటే పెద్ద దవాఖానల ఒక మూల గదిల పడేసిన్రు. నాకు వచ్చి పోయింది గనుక నన్ను దగ్గర ఉండనిచ్చిన్రు. ఒక మధ్యాహ్నం కండ్లు తెరిచి చాన సేపు నన్నే చూసిండు.

"ఆ పొల్ల చెయ్యి ఎందుకు పట్టినవే?" అన్నడు.

"నిన్ను చంపుతాన్రు గద."

"చంపనియ్యకపోయినవ్" అని గోడ దిక్కు తిరిగిండు. లోకంల అందరిని కొట్టిన మనిషి నన్ను ఆ ఒక్క మాట అడిగిండు. ఆయన ట్యూబుతోని కొట్టిన్నాడు కూడ నాకు అంత సిగ్గు కాలేదు.

బతికిండు. ఊపిరి మాత్రం మునుపటి లెక్క రాలేదు. రిక్షా అమ్మి ఒక రైస్ మిల్లుల వాచ్‌మన్ పనికి కుదిరిండు. ఆ తర్వాత నన్ను మళ్ళ కొట్టలేదు అని రాస్తే బాగుండు. ఏడాది తిరుగకముందే కొట్టిండు, మాటకు మాట అన్ననని. ఆయాసం వచ్చి నడుమల ఆపి మంచం మీద కూసున్నడు. నేను నీళ్ళు ఇచ్చిన.

నేను మళ్ళ పరీక్ష రాసి పాసైన. ఎనభైలల్ల అంగన్‌వాడీల పని దొరికింది. ట్రైనింగుల ఒక డాక్టరమ్మ ఈ రోగం ముచ్చట చెప్పింది. బుగ్గలు లేచిన మొదటి దినాలల్లనే ఎక్కువ అంటుకుంటదట. మామూలు పిల్లలకు వచ్చి పోతదట, కడుపుతోని ఉన్నోళ్ళకు, బక్క పిల్లలకు ప్రమాదమట. అందరు రాసుకుంటున్నరు. నేను పెన్ను పట్టుకొని కూసున్న. నా బుజం మీద పండుకో అన్నామె యాదికొచ్చింది, తర్వాత చెయ్యి జాపిన పిల్ల. ఆ ఊరోళ్ళు కొట్టింది తప్పే. భయపడ్డది తప్పు కాదు. ఈ రెండు మాటలు నేను వేరు చేసుకునేతందుకు చాన ఏండ్లు పట్టింది.

ఆ రోడ్డు మీద బస్సుల ఎన్నోసార్లు పోయిన, దిగలేదు. ఒకసారి మీటింగుకు పోయి వస్తాంటే మాపటి జాముల దిగిన. కరెంటు పోలు అక్కడనే ఉన్నది. అరుగు ఇల్లు కూలగొట్టి స్లాబు వేసిన్రు. ఎవరిని అడగాలె, ఏమని అడగాలె? హోటల్ల చాయ్ తాగి, కొట్టు మీదున్న ముసలాయనను అడిగిన.

"పెద్దయ్యా, చాన ఏండ్ల కింద మీ ఊరు కట్టిన్రు. రిక్షా వచ్చి కొట్లాట అయింది. ఆ ఏడు ఊర్లె పిల్లలు ఎవరన్న పోయిన్రా?"

ఆయన గ్లాసులు కడుగుడు ఆపి నా ముఖం దిక్కు చూసిండు. చెంపల మీది మచ్చలు చూసిండో లేదో తెలువదు.

"ఆ ఏడా? అప్పట్ల పిల్లలు పోని ఏడు ఏదమ్మా" అన్నడు.

ఇంకో మాట అడిగే ధైర్యం రాలేదు. వరంగల్ బస్సు వస్తే చెయ్యి ఎత్తి ఆపి ఎక్కిన.